బజ్జీ కాగితం మీద సగం కథ

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా ప్రెస్సుకు ఎదురుగ మిర్చి బజ్జీల బండి పెట్టుకునే ఆమె. అప్పుడే షట్టరు లేపి అమ్మవారి పటం ముందు ఊదుబత్తి ముట్టిస్తున్న. చేతులకు శనగపిండి అట్లనే ఉండంగ రోడ్డు దాటి ఉరికొచ్చింది.

"అక్కా, మీరిచ్చిన కాగితాల మీద ఏం అచ్చేసిన్రో గని, నిన్న తండాయన ఒకాయన బజ్జీలు తినుకుంట తినుకుంట కాగితం దిక్కు చూసిండు. చూసినోడు చూసినట్టే ఆగిండు. తినే బజ్జీ పక్కకు పెట్టి, కాగితం మీది నూనె అంగీకి తుడిచి, ఫోన్ల ఫోటో కొట్టుకున్నడు. గిది ఎక్కడిదే అని నా మీదికొచ్చిండు. నేను మీ షట్టరు దిక్కు చెయ్యి చూపెట్టిన. పరేషాన్ అయితుంది అక్కా, చూపెట్టకపోతే అయిపోవునేమో."

ఏ కాగితమని నేను అడగలేదు. ఆ వారమంత మా మిషన్ మీద నడుస్తున్నది ఒక్క పుస్తకమే.

ముందు మీకు మా ప్రెస్సు సంగతి చెప్పాలె. నారాయణఖేడ్‌ల ఇప్పుడంటే ఎటు చూసినా ఫ్లెక్సీ దుకాణాలే గని, నేను పనికి చేరిననాడు పెండ్లిపత్రిక కావాలన్నా బిల్లు బుక్కు కావాలన్నా మా గడప తొక్కాల్సిందే. నేను కంపోజింగ్ చేసేదాన్ని. జనం చేత్తో రాసి తెచ్చిందాన్ని కంప్యూటర్ల కొట్టి, తప్పులు దిద్ది, అచ్చుకు తయారు చేసుడు నా పని. బడి మెట్టు ఎక్కిన మనిషిని కాదు. మా నాయన గిర్ని నడిపేటోడు. గిర్నిల రాలిన పిండి బండ మీద పరిచి నా వేలు పట్టుకోని అక్షరాలు దిద్దిచ్చిండు. అమ్మ పాడే భజన పాటలనే పలక మీద రాపిచ్చిండు. ఆ పిండిల దిద్దిన అక్షరాలే నేను పని మానుకునేదాక నాకు అన్నం పెట్టినయి. ఇప్పటికీ జొన్నపిండి ముట్టినప్పుడల్లా ఆ తండ్రికి, ఆయనను నాకు తండ్రిగ ఇచ్చిన దేవునికి మనసుల ఒక దండం పెట్టుకుంట.

మిషన్ నడిపే ఆయనను అందరం భాయ్ అనేటోళ్లం. ఇంట్ల ఉర్దూ, ప్రెస్సుల తెలుగు, మిషన్ మొరాయిస్తే రెండూ కలిపి తిట్టేటోడు. నన్ను ఆపా, అంటే అక్కా అని, పిలిచేటోడు. అచ్చు మొదలైనప్పుడు సిరా సరిగ అంటక మొదటి కాగితాలు కొన్ని ఖరాబు అయితయి. ఆ రద్దీనంత భాయ్ కట్ట కట్టి సాయంత్రం బజ్జీల బండికి ఇచ్చేటోడు. బదులుగ మాకు వేడివేడి బజ్జీల ప్లేటు వచ్చేది. ఈ రివాజు ఎవరు పెట్టిన్రో నాకు తెలియదు, నేను చేరక ముందునుంచే ఉన్నది. బజ్జీ కింది కాగితాన్ని ఎవలు చదువుతరు? పెండ్లికొడుకు పేరు మీద మిర్చి పెట్టుకోని తిన్నోళ్లు ఎందరో. ఎన్నడూ ఏ గొడవా రాలేదు.

ఇగ ఆ పుస్తకం. సిర్గాపూర్ దిక్కు ఒక తండాల అంగన్‌వాడీ టీచరుగ చేసే లంబాడ పిల్ల రాసింది. వాళ్ల నాయనమ్మ చెప్పిన కథలు. ముసలామె పోయినంక, మరిచిపోతనేమోనని భయపడి, విన్నవి విన్నట్టు తమ లంబాడ మాట గోర్ బోలిలనే, మన తెలుగు అక్షరాలల్ల రాసుకున్నది.

"మా మాటకు అక్షరాలు లేవక్కా, మీయి అరువు తీసుకున్న" అన్నది మొదటిరోజు.

"అరువు తీసుకుంటే తిరిగియ్యాలె మరి" అన్నడు భాయ్ మిషన్ కాడికెళ్లి.

"ఇస్త అన్నా. కథలు పెట్టి ఇస్త."

నాకు ఆ భాష రాదు. ఒక్కొక్క అక్షరం చూసి కొట్టిన, వడ్లల్ల రాళ్లు ఏరినట్టు. ఆ పిల్ల పక్కన కూసోని పైకి చదివేది, నేను తెర మీద సరిచూసేదాన్ని. ఒకనాడు చదువుకుంట చదువుకుంట ఆగి నా మొఖం దిక్కు చూసింది.

"హూఁ అనవా అక్కా?"

"ఎందుకు బిడ్డా?"

"మా దగ్గర కథ చెప్తుంటే వినేటోళ్లు హూఁ అనాలె. అనకుంటే చెప్పేటోళ్లు ఆపేస్తరు. మల్ల ఎంత బతిమిలాడినా చెప్పరు. కథ అక్కడికే సరి."

మనం కూడ చిన్నప్పుడు ఊ కొట్టినోళ్లమే. కాకపోతే ఊ కొట్టుడు ఆగితే పిల్లలు పడుకున్నరని మన అమ్మలు సంతోషపడేటోళ్లు. వినేటోళ్ల సప్పుడు లేకపోతే కథకు ముందుకు పోయే హక్కే లేదనే మాట నేను అక్కడనే విన్న. ఆనాటినుంచి నేను హూఁ అనేదాన్ని. భాయ్ కూడ మిషన్ చప్పుడుల ఏం వినబడకున్నా మధ్యమధ్యల గట్టిగ హూఁ అని అరిచేటోడు. పిల్ల నవ్వి నవ్వి చదివే వరుస తప్పేది. అవి మంచి రోజులు.

బజ్జీల ఆమె వచ్చిపోయిననాడు పగటీలి ఆ పిల్ల వచ్చింది. నవ్వు లేదు. ఫోన్ల ఫోటో చూపెట్టింది. నూనె మరకల నడుమ నేను కొట్టిన అక్షరాలు. అప్పటికే అది తండా వాట్సప్ గ్రూపుల పడ్డది. హైదరాబాదుల అడ్డా మీద పనిచేసే తండా మేస్త్రి ఒకాయన అందరికంటే ఎక్కువ కోపం మీద ఉన్నడట. "మనల్ని దొంగజాతి అని ఊరూర రాసుకున్న రోజులు చాలవా? ఇప్పుడు మన పిల్లనే మన తాతల నాటి పెద్దనాయక్‌ను దొంగ అని అచ్చేసిందా?" అని గ్రూపుల మాట పెట్టిండట. తెల్లారి ఆదివారం, పంచాయితి పెట్టిన్రు.

"ఏమంటున్నరు బిడ్డా?"

"అమ్మవారి ఏడు రాళ్ల మీద చెయ్యి పెట్టి, మా నాయనమ్మ అబద్ధాలు చెప్పింది అనాలెనట. అనకపోతే మా ఇంటితోని ఎవ్వరూ మాట్లాడరు. మా తమ్ముని పెండ్లికి ఎవ్వరూ రారు. పుస్తకాలు ఎట్లనూ కాలవెడతరు." ఫోన్ బల్ల మీద పెట్టింది. "పుస్తకం పోతే పోనియ్యి అక్కా, మల్ల రాసుకుంట. నాయనమ్మను అబద్ధాలకోరు అని ఎట్లంట?"

భాయ్ మిషన్ ఆపి వచ్చిండు. ఫోటో చూసి స్టూలు మీద కూలబడ్డడు. "యా అల్లా. నా చేతులతోనే కట్ట కట్టి ఇచ్చిన" అన్నడు. ఆ సాయంత్రం వచ్చిన బజ్జీల ప్లేటు ముట్టలేదు.

ఇంకో ముచ్చట ఉండె. తండాకు పెద్దగ ఉండే నాయక్ నాకు కబురు పంపిండు. పుస్తకాన్ని కంపోజ్ చేసిన మనిషి పంచాయితికి రావాలె అని. మా ఓనర్‌కు ఫోన్ చేసి చెప్పిన. "మనం అచ్చేసేటోళ్లం, రాసినోళ్లం కాదు. నువ్వెందుకు పోవుడు? రేపు నీకేమన్నా అయితే నేను జవాబు చెప్పాల్నా?" అన్నడు. ఆయన మాటల తప్పు లేదు. నాకూ భయమే. తెల్లారి దీపం పెట్టి అమ్మవారినే అడిగిన. నేను కొట్టిన అక్షరాలు కదా, అవి పోయినచోటికి నేను పోకపోతే ఎట్ల అనిపిచ్చింది. అదే అమ్మ జవాబనుకున్న.

భాయ్ స్కూటర్ మీద బయలెల్లినం. తోవకు అటూ ఇటూ కందిచేన్లు పూత మీద ఉన్నయి. బోరంచ నల్లపోచమ్మను తలుచుకుంట పుస్తకం కాగితాల కట్టను ఒళ్లె గట్టిగ పట్టుకున్న.

తండా మొదట్లనే ఆ పిల్ల ఎదురొచ్చింది. నన్ను పక్కకు పిలిచి ఆ కథ మొత్తం తెలుగుల చెప్పింది. కొట్టిననాడు నాకు దాని అర్థం తెలియదు మరి.

"వెనుకట కరువు ఏడాదిల ఇత్తనం జొన్నల బస్తా ఒక్కటే మిగిలిందట. తండా అంత కలిసి దాన్ని పెద్దనాయక్ చేతుల పెట్టిన్రు, ఆయన గుట్టల దాచి కాపాడి వానలకు తెచ్చిండు అని మా మగోళ్లు చెప్తరు. అందుకే ఇప్పటికీ తొలకరికి మొదటి పిడికెడు ఆ ఇంటి నాయకే చల్లుతడు. నాయనమ్మ చెప్పింది వేరే. ఆకలికి ఓర్వక, తెల్లారి ఆ ఇత్తనమే వండుకుందమని అందరూ అనుకున్నరట. తెల్లారేసరికి బస్తా లేదు, పెద్దనాయక్ లేడు. చోర్, చోర్ అని మొత్తుకున్నరట. బజ్జీ కాగితం అక్కడికి ఆగింది."

"ఆ తర్వాత?"

"తీసింది ఆయన కాదక్కా. ఆయన పెండ్లాం. ఒక్కతే మోసుకపోయి గుట్టల దాచింది. వచ్చి మొగనితోని, నువ్వు ఎల్లిపో, దొంగతనం నీ మీద పడనియ్యి, నేను పోతే పిల్లలు ఆగమైతరు అన్నది. ఆయన పోయిండు, మల్ల రాలే. ఆమె దొంగ పెండ్లాం అనిపిచ్చుకుంట ఇదే తండాల బతికింది. వాన పడ్డనాడు పోయి బస్తా తెచ్చి అందరి నడుమ దించింది."

సగం చదివితే నాయక్ తాతను దొంగను చేసినట్టు. మొత్తం చదివితే తాత గొప్పతనం తీసి అవ్వకు ఇచ్చినట్టు.

"ఏది నయం బిడ్డా?"

"రెండూ నయం లేవక్కా" అన్నది.

గుడి ముందట రేకుల షెడ్డు. పక్కన వేపచెట్టు కింద శీత్లా భవాని ఏడు రాళ్లు, పసుపు కుంకుమతోని. మా పోచమ్మకు అక్కచెల్లెండ్లే కదా అనుకోని చేతులెత్తి మొక్కిన. అది చూసి ఆడోళ్లు ఇద్దరు ముగ్గురు నా దిక్కు మెత్తగ చూసిన్రు. మగోళ్లు చూడలేదు. నాయక్ నడుమ కూసున్నడు, తెల్ల తలపాగ. హైదరాబాదు నుంచి వచ్చిన మేస్త్రి ఆయన పక్కనే నిలబడ్డడు. గోడ పక్కన నాయక్ తల్లి, మోచేతుల దాక గాజులు, కండ్లు సగం మూసుకోని ఉన్నది. పడుకున్నదనుకున్న.

భాయ్ కూసోకముందే మొదలుపెట్టిండు. "నాయక్ సాబ్, గల్తీ నాది. రద్దీ ఇచ్చింది నేను. ఆ పిల్లకేం తెల్వదు."

"నీ గల్తీ తర్వాత చూద్దం. కూసో" అన్నడు నాయక్. నా దిక్కు తిరిగిండు. "చెల్లె, నువ్వేనా అక్షరాలు కొట్టింది? మా మాట వస్తదా నీకు?"

"రాదన్నా. అక్షరాలు చూసి చదువుడే వస్తది."

"గదే కావాలె. ఈ పిల్ల చదివితే నోటికొచ్చినట్టు మార్చి చదువుతదంటరు. మావోడు చదివితే వాని పక్షం అంటరు. నీకు తెల్వదు గనుక నువ్వు మార్చలేవు. ఏం రాసి ఉంటే అది చదువు."

ఇన్నేండ్లు అక్షరాలను నమ్ముకోని బతికినదాన్ని, అంత బరువు ఎన్నడూ మోయలేదు. చదువుడు మొదలుపెట్టిన.

మొదటి పేరా అయింది. ఆగిన. ఎవ్వరూ ఏమీ అనలేదు. ఎవరిదో ఫోన్ మోగి ఆగింది. రెండో పేరా చదివిన. మల్ల అదే సప్పుడు లేని తనం. అప్పుడు అర్థమైంది నాకు. వాళ్లు వినకపోవుడు కాదు. విని, హూఁ అనకుండ కూసున్నరు. ముందే అనుకోని వచ్చిన్రు. అందరి మొఖాలు కిందికే ఉన్నయి. మూడో పేరా చివర చోర్ అనే మాట నా నోట్లకెళ్లి వచ్చింది. ఆ ఒక్క మాటకు నాకు అర్థం తెలుసు. బజ్జీ కాగితం ఆగింది సరిగ్గ అక్కడనే.

మేస్త్రి చేతులు దులిపిండు. "అయిపాయె. ఎవ్వరూ హూఁ అనలే. మన రివాజే గది, కథ అక్కడికే సరి. ఇగ లెయ్ పిల్లా, రాళ్ల కాడికి నడువు."

నాయక్ తల వంచుకున్నడు. రివాజును ఆయన కూడ దాటలేడు. నేను తర్వాతి కాగితం తిప్పుదామని వేలు పెట్టి, తిప్పలేక అట్లనే కూసున్న. ఆ పిల్ల లేచింది. వేపచెట్టు దిక్కు నడిచింది. ఆమె వంగి, కుడిచెయ్యి చాపింది. అమ్మా, నల్లపోచమ్మ తల్లీ, అనుకున్న. ఇంకేం మొక్కుకోవాల్నో కూడ తోచలేదు.

"హూఁ."

గోడ దిక్కుకెళ్లి వచ్చింది. సన్నగ, ఎండిపోయిన గొంతు. అందరూ అటు తిరిగిన్రు. నాయక్ తల్లి కండ్లు తెరవలేదు. గాజుల చెయ్యి ఒకటి లేపి మల్ల అన్నది, ఈసారి గట్టిగ.

"హూఁ!"

మేస్త్రి వాళ్ల మాటల ఏదో అనబోయిండు. ముసలామె ఒక్క ముక్క అన్నది, ఆయన నోరు మూతపడ్డది. ఏమన్నదో ఆ పిల్ల నాకు తర్వాత చెప్పింది: "నీ తొట్టె ఊపినదాన్ని, కూసో."

"ఆపా, చదువు. జల్దీ" అన్నడు భాయ్ వెనుకనుంచి.

కాగితం తిప్పిన. పైన్నే ఉన్నది నాయకణ్ అనే మాట, నాయక్ పెండ్లాం అని. దాని అర్థం కూడ తండా మొదట్ల ఆ పిల్ల చెప్పింది గనుక, నేను ఏం చదువుతున్ననో, ఎవరి ముందు చదువుతున్ననో నాకు తెలుసు. అయినా అక్షరం దాటిపోలేదు. పేరా అయింది. ముసలామె హూఁ అన్నది. ఇంకో పేరా, ఇంకో హూఁ. ఆ తర్వాత పేరాకు ఆడోళ్ల దిక్కు ఇంకో గొంతు కలిసింది. మల్ల ఇంకోటి. ఒకచోట నేను ఏ మాటనో అడ్డంగ పలికితే పకపక నవ్విన్రు. ఒకామె "గట్ల కాదమ్మా" అని సరిచేసి చెప్పింది. నేను మల్ల పలికిన, ఇంకా ఎక్కువ నవ్విన్రు. అంత భయంల నాకూ నవ్వొచ్చింది. రాళ్ల కాడ వంగిన పిల్ల ఎప్పుడు నిలబడ్డదో, ఎప్పుడు వచ్చి నా పక్కన కూసున్నదో చూడలేదు.

కథ ఒడిసింది. నాయక్ తల్లి దిక్కు తిరిగి అడిగిండు. పిల్ల నా చెవిల తెలుగు చేసి చెప్పింది.

"యాడీ, ఇది నీకు తెలుసా?"

"మా అత్త చెప్పింది. ఇసుర్రాయి కాడ."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వెన్నడు ఇసుర్రాయి కాడ కూసున్నవ్?"

నాయక్ తలపాగ తీసి ఒళ్లె పెట్టుకున్నడు. ఇత్తనం కాపాడినోళ్లన్నది తన ఇంటి మగోళ్లు తరతరాలుగ మోసిన పేరు. ఇప్పుడది అవ్వకు పోతున్నదని నా చేతుల కాగితం దిక్కు చూసిండు.

"హూఁ" అన్నడు.

గొంతు సవరిచ్చుకున్నడేమో అనుకున్న నేను. తండా మొత్తం అప్పటికే తెలుసుకోని లేస్తున్నది. పిల్ల నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ తీర్పుకు వేరే మాటలు లేవు.

అందరూ ఒక్కటైన్రని చెప్తే అబద్ధమైతది. మేస్త్రి బువ్వ కూడ తినకుండ బస్సుకు పోయిండు. ఆయన కోపం ఇప్పటికీ సల్లారలేదంటరు. ఆయనను నేను తప్పు పట్టను. దొంగ అనే మాట వాళ్లను ఎంత కాలం కాల్చిందో నాకేం తెలుసు? సగం కథ చేతుల పడితే నేనైనా గట్లనే మండేదాన్నేమో. భాయ్‌కు మాత్రం నాయక్ శిక్ష వేసిండు: పుస్తకం వచ్చిననాడు తండాకంత బజ్జీలు తినిపియ్యాలె, కాగితంల కాదు, మోదుగాకులల్ల. బజ్జీల ఆమె బండినే ఆటోల ఎక్కిచ్చుకోని పోయినం. ఆ తర్వాత మా ప్రెస్సు రద్దీ ఎన్నడూ ఆ బండికి పోలేదు. అయినా సాయంత్రం ప్లేటు మాత్రం వస్తనే ఉండె. ఎందుకే అంటే, "అలవాటైంది అక్కా" అనేది.

తొలకరికి రమ్మని నాయక్ కబురు పెట్టిండు. పోయినం. దుక్కి మీద అందరూ నిలబడ్డరు. నాయక్ జొన్నల గంప ఎత్తుకోని వచ్చి, తన చెయ్యి పెట్టలేదు. తల్లి ముందు పట్టిండు. ముసలామె పిడికెడు తీసుకోని, కాసేపు అట్లనే పట్టుకోని, చల్లింది. ఎవరికోసం చల్లిందో అందరికీ తెలుసు.

ఆ మరుసటి ఏడు ఆమె పోయింది. మీరు చిన్నోళ్లు, మీల రాసేటోళ్లున్నరు, చదివేటోళ్లున్నరు. రాసిన పిల్లకు ఇప్పుడు పేరుంది, ఇంకో పుస్తకం కూడ రాస్తున్నది, దేవుడు సల్లగ చూడాలె. కాని ఆనాడు ఆ ముసలామె సప్పుడు చేయకపోతే ఆ కథ రెండోసారి కూడ అక్కడనే ఆగిపోయేది. ఆమెకు చదువు రాదు, ఆ పుస్తకంల ఎక్కడా ఆమె ఊసు లేదు. నేనూ ఆమె పేరు రాయలేదు, ఇట్లాంటి వాటిల్ల పేర్లు రాసుడు నాకు ఇష్టముండదు. మీ ఇంట్ల ఏ పెద్దమనిషన్నా వెనుకటి ముచ్చట ఏదన్న మొదలుపెట్టి, మీరు ఫోన్ల తల పెట్టి ఉన్నరని ఆగిపోతే, తల ఎత్తి ఒక్క హూఁ అనండి. అన్నప్పుడు, గోడ పక్కన కండ్లు మూసుకోని కూసున్న ఆ తల్లిని ఒక్కసారి యాది చేసుకోండి.